ఆచారి బద్ధకం

"పదును పెట్టాలండి. కొబ్బరిబోండాలు కొట్టడానికి," అంటూ జోయెల్ కత్తిని కొలిమి పక్కన పెట్టాడు. ఇంటర్ చదివే ఆ కుర్రాడి ఎడమ చెంప మీద ఎవరివో నాలుగు వేళ్ళు ఇంకా ఎర్రగా కనిపిస్తున్నాయి.

కమ్మరి భూషణాచారి ఆ చెంప చూశాడు. కత్తి చూశాడు. "బొగ్గులు అయిపోయాయిరా. రేపు రా," అన్నాడు.

మర్నాడు నడుం నొప్పన్నాడు. మూడో రోజు సానరాయి అరిగిపోయిందన్నాడు. అంతలో మిరపచేనుకి పోతూ ఒకావిడ కొడవలి తెస్తే, అదే రాయి మీద పది నిమిషాల్లో పదును పెట్టి ఇచ్చేశాడు.

జోయెల్‌కి ఒళ్ళు మండింది. "ఆవిడకి అరగని రాయి నాకే అరిగిందా అండీ?"

"ఆవిడకి పనుందిరా."

"మీ అంత బద్ధకస్తుణ్ణి అద్దంకి మొత్తంలో చూళ్ళేదండి."

"అవున్రా. అందుకే రేపు రా."

ఆరో రోజు జోయెల్ బండి మీద వచ్చాడు. బండి నడుపుతున్నది ఆ చెంపదెబ్బ కొట్టినవాడే. ఇద్దరి మధ్యా ఒకే పునుగుల పొట్లం.

"కత్తి ఇచ్చేయండి. అమ్మ వంటింట్లో వెతుకుతోంది," అన్నాడు జోయెల్.

ఆచారి రేకుపెట్టె చూపించాడు. నిండా కత్తులే. ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ కట్టి ఉంది. ఒక్కదానికీ పదును లేదు.

తన కత్తి కోసం వెతుకుతుంటే అడుగున తుప్పు పట్టినదొకటి జోయెల్ చేతికి తగిలింది. చీటీ మీద ఇప్పుడు చర్చిలో సంఘపెద్దగా ఉన్న వాళ్ళ నాన్న పేరుంది.

"ఇరవై ఏళ్ళు దాటిందిరా," అన్నాడు ఆచారి. "మీ నాన్నని కూడా రేపే రమ్మన్నా."