పళ్ళెంలో పొటాషియం

“వీడి చేతి కూడు ఇంకో వారం తింటే నా మొగుడు పోతాడు. ముందు వీణ్ణి గెంటెయ్యండి!”

ఆస్పత్రి వంటగదిలోకి దూసుకొచ్చి, రోగి భార్య ఇల్లు పీకి పందిరేసింది. వంటమాస్టరు చేతిలోని గరిటె కింద పెట్టలేదు. పెడితే ఆ చెయ్యి ఏం చేస్తుందో అతనికే నమ్మకం లేదు.

“నోరు అదుపులో పెట్టుకోండమ్మా. పద్దెనిమిదేళ్ళ నుంచీ కిడ్నీ వార్డుకి వండుతున్నాను.”

“అందుకే కాబోలు, ఆ వార్డులో ఒక్కడూ లేచి తిరగడం లేదు!”

“ఇద్దరూ ఆపండి,” అంటూ డైటీషియన్ లోపలికి వచ్చింది. ఆమె చేతిలో ల్యాబు కవరు ఉంది.

రోగి కిడ్నీలు పొటాషియాన్ని బయటికి పంపలేవు. రక్తంలో అది రోజురోజుకీ పెరిగి, నిన్న గుండె లయ తప్పింది. తప్పు వంటదేనని డైటీషియన్‌కీ అనుమానమే. అందుకే మూడు రోజులుగా అతని పళ్ళేలు ల్యాబుకు పంపి, దేంట్లో ఎంత పొటాషియం ఉందో మిల్లీగ్రాములతో సహా కొలవమంది.

“ఎక్కువుందని తేలితే మీకు ఇవాళే ఆఖరి రోజు. ముందే చెబుతున్నా,” అంది మాస్టరుతో.

“చింపండి మేడమ్. తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?” అన్నాడు.

ఆమె కాగితం చదివింది. నమ్మలేక మళ్ళీ చదివింది.

“కూరలో తక్కువే. పప్పులో తక్కువే. పచ్చి కూరగాయల్లో ఉండేదాంట్లో సగం కూడా లేదు.”

మాస్టరు అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

“ల్యాబువాళ్ళకి ఎంత ముట్టజెప్పాడో!” అంది రోగి భార్య.

డైటీషియన్‌కి ఒళ్ళు మండింది. కోపం ఈసారి అటు తిరిగింది. “మీరు చాటుగా ఏం పెడుతున్నారు? పళ్ళా? కొబ్బరినీళ్ళా?”

“నా పిల్లల మీద ఒట్టు! బయటి గింజ ఒక్కటి పెట్టలేదు. ఈ వంటగదిలోది తప్ప ఆయన నోట్లోకి ఏదీ పోలేదు.”

“మరి ఆ పొటాషియం ఆకాశం నుంచి ఊడిపడిందా?”

“నా వంటలోంచి మాత్రం కాదు,” మాస్టరు గరిటె బల్లమీద కొట్టాడు. “ముక్కలు సన్నగా తరిగి, రెండుసార్లు ఉడికిస్తాను. ఉన్న పొటాషియమంతా నీళ్ళలోకి దిగిపోతుంది. ఆ నీళ్ళు వార్చేసి, చల్లారాక పారబొయ్యడానికి వెనక గుమ్మం దగ్గర బకెట్లో పెడతాను. ఇంకేం చెయ్యమంటారు?”

“విన్నారా! వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు!” రోగి భార్య చేతులు చరిచింది. “సారమంతా బకెట్లోకి వార్చేసుకుని రోగులకి పిప్పి పెడుతున్నాడు! పూటకి రెండు గ్లాసులు ఆ నీళ్ళు నేను దొంగచాటుగా పట్టుకెళ్ళి తాగించబట్టే కదా, మా ఆయన ఈమాత్రమైనా బతికున్నాడు!”