నుదుటి ఖరీదు

ముడతలు పోగొట్టే సూది నుదుటి దాకా వచ్చిందో లేదో, కూచిపూడి ఆడే శ్రీదుర్గ డాక్టరు చెయ్యి పట్టేసుకుంది.

"మందు ఒకటే కదా బాబూ, హైదరాబాదులో రెట్టింపెందుకట?"

"అక్కడ అద్దెలెక్కువండీ, డాక్టర్ల ఫీజులూ ఎక్కువే."

"బెజవాడలో చౌకేలే, కదలకమ్మా!" అంది కూతురు సాయిశ్రీ. "ముడతలుంటే కూచిపూడి నాటకంలో నాయిక వేషం ఇంకొకరికిస్తామన్నారుగా టీవీవాళ్లు!"

"మరి ఇది పొడిస్తే కనుబొమలు ఎగురుతాయా?"

"మూడు నాలుగు నెలలు అంతగా కదలవండీ."

శ్రీదుర్గ లేచి కూర్చుంది. గడ్డం పక్కకు తిప్పి, ఒక బొమ ఎత్తి, నుదురు ముడిచింది. డాక్టరు కంగారుగా వెనక్కి జరిగాడు.

"కోపమొచ్చిందాండీ?"

"కోపం కాదండీ, నాయిక అలక," అంది సాయిశ్రీ, అమ్మ నుదుటి మీంచి చూపు తిప్పుకోలేక. "పదమ్మా. వేషం ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోనీ."

"ఇచ్చుకోడానికి అదేమన్నా వాళ్ల సొమ్మటే? ఈ నుదుటితోనే ఆడతా!" అంటూ మంచం దిగింది శ్రీదుర్గ.