మింగిన దగ్గు

ఇంటింటి గోడకూ డాక్టరు పెట్టె బిగించాక దగ్గడం కూడా ఖరీదైన పనయింది. ఎవరు దగ్గినా అది విని, జబ్బుకు పేరు పెట్టి, బిల్లు డబ్బు ఖాతాలోంచి తనే కోసుకుంటుంది. పోయినేడు హైమావతి అత్తగారు మాణిక్యమ్మ దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గారు. అందరికీ ఉబ్బసమని బిల్లు పడింది. తప్పని మొత్తుకుంటే, "పెట్టె విన్నదే వేస్తుందమ్మా" అన్నారు ఆఫీసువాళ్లు.

అప్పటినుంచి హైమావతి ఇంట్లో అందరికీ దగ్గు మింగడం నేర్పింది.

ఇప్పుడు ఆమె కూతురు శ్రావ్య వాడిపోయి కనిపిస్తుంటే మాణిక్యమ్మ మళ్లీ మిరపకాయలు కాల్చింది. అందరూ నోట్లో తువ్వాళ్లు కుక్కుకున్నారు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి గానీ ఒక్కరూ కిక్కురుమనలేదు.

"ఘాటుకు దగ్గొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. మీరిట్టా బిగబట్టుకుంటే నాకెట్టా తెలుస్తుందే?" అని విసుక్కుంది ముసలామె.

పొగ పోయాక హైమావతి శ్రావ్య నోట్లోంచి తువ్వాలు తీస్తూ చూస్తే పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"అందరికంటే నేనే బాగా మింగానమ్మా," అంది శ్రావ్య గర్వంగా. "మొన్నటినుంచీ ఒక్కసారి కూడా దగ్గలా."

హైమావతి పిల్ల గుండెకు చెవి ఆనించింది. లోపల పిల్లికూతలు వినిపించాయి.

"ఈ ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు," అంది గోడమీది పెట్టె, ఎప్పటిలాగే తియ్యగా.