తుప్పు మందు

"ఇనుముకే కాదు, మనిషికీ తుప్పు పడుతుంది," అంది డాక్టరమ్మ.

డయాలసిస్ గదిలో నాలుగో కుర్చీలో ఉన్న పెయింటరు తలూపాడు. ముప్పై ఏళ్ళు గేట్లు గీకి రంగులు వేసినవాడు. తుప్పు సంగతి ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మిషన్లో తిరిగొచ్చే రక్తంలో అలాంటిదే పుడుతుందట. మెల్లగా గుండెను తినేస్తుందట. దాన్ని ఆపుతుందేమో చూడటానికి కొత్త గోళీ. ఆరు నెలలు వాడాలి. సగంమందికి మందు, సగంమందికి వట్టి పిండి. చూడటానికి రెండూ ఒకటే. డబ్బా మూత మీద పేరుండదు, అంకె ఉంటుంది. ఎవరిది ఏదో డాక్టరమ్మకీ తెలియదు. చివర్లోనే చిట్టా విప్పుతారు.

ఐదో కుర్చీలో అమ్మాయి లా చదువుతోంది. ఒక చేతికి సూదులుంటే రెండో చేత్తో పేజీలు తిప్పేది. ఆయన ఆమెను లాయరమ్మా అనేవాడు. ఆమె బాబాయ్ అనేది.

నెల తిరిగేసరికి పెయింటరు రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కేశాడు.

"నాది మందే లాయరమ్మా. ఒళ్ళు చెప్తోంది."

"అయితే నాది పిండి. పోగేసి రొట్టె కాల్చుకుంటా."

నవ్వింది గానీ, ఆమెకు నాలుగు మెట్లకే ఆయాసం.

"నా డబ్బా నువ్వు తీసుకో. నేను పాత గేటుని, ఎన్ని కోటింగులేసినా ఇంతే. నీది కొత్త ఇనుము."

"సంతకాలు పెట్టాం బాబాయ్. ఎవరిది వాళ్ళదే. అయినా మీరు ముందు పోతే నాతో వాదించేదెవరు?"

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నెలకోసారి నర్సు కొత్త డబ్బాలిచ్చేది. లాయరమ్మ తన డబ్బాను సంచిలో వేసి, సంచిని ఆయన ఒళ్ళో పడేసి బరువు తూకానికి వెళ్ళేది. "చూస్తుండండి బాబాయ్." ఆయన చూస్తుండేవాడు.

ఆరో నెలలో ఒక సోమవారం ఐదో కుర్చీ ఖాళీగా ఉంది. ఆదివారం గుండె ఆగిపోయిందని నర్సు చెప్పింది. కిటికీలో ఆమె పుస్తకం ఉండిపోయింది. మధ్యలో గుర్తుకోసం పెట్టుకున్నది పరీక్ష హాల్ టికెట్టు.

ఆ రోజునుంచి పెయింటరు ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చునేవాడు.

చిట్టా విప్పిన రోజు డాక్టరమ్మ ఆయన్ని తన గదికి పిలిచింది.

"మందు మీకొచ్చి, ఆ అమ్మాయికి రాలేదని కుమిలిపోతున్నారని నర్సు అంటోంది. అదేం లేదండీ. ఇదిగో, మీ అంకెకు పిండి. మందు వెళ్ళింది ఆ అమ్మాయికే."

పెయింటరు కాగితం వైపు చూశాడు.

"విచిత్రం ఏంటంటే, పిండి మింగిన మీ రక్తంలో తుప్పు సగానికి తగ్గింది. మందు మింగిన ఆ అమ్మాయికి పెరిగింది. మనం చేయగలిగింది చేశాం. మీరిక మనసు కష్టపెట్టుకోకండి."

ఆయన తన చేతులు చూసుకున్నాడు.

రెండో నెలనుంచి, లాయరమ్మ తూకం ఎక్కిన ప్రతిసారీ, రెండు డబ్బాల మూతలూ మార్చేసి, మందనుకున్న తన గోళీలను ఆమె సంచిలో పెట్టింది ఆ చేతులే.