నల్లులున్న ఇల్లు

నైజాంలో కొలువు దొరికి బెజవాడ నుంచి వచ్చిన కామేశం, షాలిబండలో అద్దె గది చూస్తూ ముందే అడిగేశాడు. "నల్లులున్నాయాండీ?"

"ఎందుకు లేవు బిడ్డా!" ఇంటామె మాణిక్యమ్మ ముఖం వెలిగిపోయింది. "పొద్దుగాల ఓసారి, మాపటికోసారి వస్తయ్. గల్లీ అంత మా ఇంటికే ఉరికొస్తది."

కామేశం పెట్టె పట్టుకుని ఎదురింటికి పరిగెత్తి, అక్కడా అదే మాట అడిగాడు.

"మాకా? మాకేడియి బాబూ!" నిట్టూర్చాడు ఆ ఇంటాయన. కామేశం సంబరంగా అక్కడే దిగిపోయాడు.

తెల్లారి స్నానానికి నీళ్లడిగితే, ఆయన ఖాళీ బిందె చేతికిచ్చాడు. "మాణిక్యమ్మ ఇంట్ల నల్ల వచ్చింది, నీళ్లు పట్టుకొద్దువు, ఉరుకు."

బిందెతో వరసలో నిలబడి వీపు గోక్కుంటున్న కామేశాన్ని చూసి మాణిక్యమ్మ జాలిపడింది.

"రాత్రంత నల్లులు కుట్టినయా బిడ్డా? మా ఇంట్ల మచ్చుకన్న ఒక్క నల్లి లేదు. నిన్ననే ఓ మాట అడగకపోతివి!"