ఇద్దరు కదా?

రిహార్సల్ మొదలైన పది నిమిషాలకే బొమ్మ చేయిజారి జ్ఞానస్నానపు తొట్టిలో మునిగింది.

“రేపు పాపనీ ఇలాగే జారవిడుస్తావా ఏంటి?” పాప తల్లి అత్తగారు తన కూతురి మీద విరుచుకుపడింది. రేపు పాపను ఎత్తుకుని జ్ఞానతల్లిగా నిలబడవలసింది ఆ కూతురే.

“బొమ్మ నన్ను పట్టుకోదుగా అమ్మా! పాపైతే జుట్టు పట్టుకుని మరీ వేలాడుతుంది.”

అందరూ నవ్వారు, పాప తల్లి తప్ప.

టీచరమ్మ అది గమనించింది. బడి నుంచి రిటైరయ్యాక ఈ చర్చిలో జ్ఞానస్నానాల ఏర్పాట్లన్నీ ఆమె చేతిమీదుగానే జరుగుతున్నాయి. తంతు మొక్కుబడిగా ముగియకూడదని ఆమె పట్టుదల. నీళ్లు పాప ఇంటి నుంచే తేవాలి. తెల్లని అంగీని ఇంటిల్లిపాది పాత బట్టల ముక్కలతో కుట్టాలి. దగ్గరివాళ్లంతా పాపకు తలా ఒక వాక్యం చెప్పాలి.

అన్నీ కుదిరాయి. కుదరనిది ఒక్కటే.

“రెండు కొవ్వొత్తులు పెట్టండి టీచర్,” అంది తల్లి, మూడోసారి.

పుట్టింది కవలలు. బాబు ఇరవై నిమిషాలు మాత్రమే బతికాడు.

“శుభకార్యంలో ఆ ఊసెందుకే తల్లీ?” అత్తగారి గొంతు తగ్గింది.

“వాడి తలమీద జ్ఞానస్నానపు నీళ్లు పడలేదత్తయ్యా. వాణ్ణి గుమ్మం బయట వదిలేసి దీన్నొక్కదాన్నే లోపలికెలా తెచ్చుకోను?”

దేవుడి దయకు తొట్టితో పనిలేదని ఫాదర్ ఎన్నోసార్లు నచ్చజెప్పారు. ఆ మాట ఆమె చెవుల దాకా వెళ్లింది గాని, అక్కడి నుంచి లోపలికి దిగలేదు. తిండి తగ్గింది, నిద్ర కరువైంది.

రేపు అందరి ముందూ పాపను ఇవ్వనని మొరాయిస్తే? టీచరమ్మకు ఆ భయమే పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఒకావిడ గొడుగు ముడుస్తూ కనిపించింది. నెరిసిన జుట్టు, అరిగిన రబ్బరు చెప్పులు.

“రేపు జ్ఞానస్నానం ఈ పిల్లలకేనా అండీ?”

టీచరమ్మ గబగబా వెళ్లి ఆమెను వరండాలోకి నడిపించింది.

“పిల్లలు కాదు. పాప ఒక్కతే.”

“ఇద్దరు కదా?”

“మెల్లగా! మీరెవరు? చుట్టాలా?”

“కాదమ్మా, ఆసుపత్రి నుంచి. తల్లితో ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాను.”

“దేని గురించి?”

“బాబు గురించి. అడిగింది ఆవిడ. ఆవిడకే చెప్పాలి.”

ఇలాంటివాళ్లను టీచరమ్మ చాలామందిని చూసింది. చావు దగ్గర కన్నదంతా పూసగుచ్చినట్టు వర్ణించి, విన్నవాళ్లు ఏడిస్తే తామూ కళ్లొత్తుకుని, తేలికపడి ఇంటికి పోయేవాళ్లు.

“మీరు మా చర్చికి వచ్చేవారేనా?”

“నాకు ఏ చర్చీ లేదమ్మా, ఏ గుడీ లేదు. దేవుడున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు.”

“మరి ఇక్కడ మీకేం పని? ఆ పిల్ల ఇప్పటికే సగమైపోయింది. దండం పెడతాను, మళ్లీ కెలక్కండి.”

ఆమె టీచరమ్మ భుజం మీదుగా లోపలికి చూసింది.

“ఈ సాయంత్రం బండికి ఊరు వదిలేస్తున్నాను. మళ్లీ రాను.”

“మంచిది. క్షేమంగా వెళ్లండి.”

ఒక తల్లిని కాపాడానన్న తృప్తితో టీచరమ్మ తలుపు గడియ పెట్టింది.

మర్నాడు తల్లి పాపను అందించింది. మొరాయించలేదు. అయితే, బిడ్డకు ఏమి కోరుతున్నారని ఫాదర్ అడిగినప్పుడు జవాబు భర్తే చెప్పాడు. వాక్యాలు చెప్పేటప్పుడు మాత్రం ఆమె పాప చెవి దగ్గరికి వంగింది.

“నీకో అన్న ఉన్నాడు. ఎక్కడున్నాడో నాకు తెలీదు.”

ఆ తర్వాతి పాటను ఫాదర్ ఒక్కరే పాడారు.

అందరూ వెళ్లాక ఫాదర్ రిజిస్టరు మూస్తూ నిట్టూర్చారు.

“ప్రాణం ఉండగా ఎవరైనా నీళ్లు పోసి, పిత, పుత్ర, పవిత్రాత్మ పేర ఆ నాలుగు మాటలు పలికి ఉంటే చాలు. చూసినవాళ్లు ఒక్కరు చెప్పినా బాబు పేరూ రాసేవాణ్ణి. ఏం చేస్తాం? ఆ గదిలో మనవాళ్లెవరూ లేరు.”

టీచరమ్మ రిజిస్టరు మీద చేయి పెట్టి ఆపింది.

“నిన్న ఒక సాక్షి వచ్చిందేమో ఫాదర్. నేనే పంపించేశాను.”

తెల్లవారగానే ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది. ఆపరేషన్ గది బయట ఒక నర్సు గాజుగుడ్డ మడతలు పెడుతోంది.

“చర్చి నుంచి వచ్చాను. నెరిసిన జుట్టు, చేతిలో గొడుగు, రబ్బరు చెప్పులు...”

“మా ఆయా! శనివారమే వెళ్లిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.”

“కవలలు పుట్టిన రోజు, బాబుకి ఎవరైనా నీళ్లు పోయడం ఆవిడ చూసిందా?”

నర్సు వింతగా చూసింది. “అదేంటి? తల్లికి చెప్పి వస్తానని మీ చర్చికే వచ్చిందిగా!”

“నేను చెప్పనివ్వలేదు.”

నర్సు చేతిలో మడత ఆగిపోయింది.

“మత్తెక్కే ముందు తల్లి ఒకటే గోల, బిడ్డలకేమైనా అయితే నీళ్లు పోయండి, పోయండి అని. ఆవిడకి గుర్తుండదు. ఆ గంటలోనే స్పృహ లేకుండా పెద్దాసుపత్రికి పంపేశాం. గదిలో ఆ మాటలు తెలిసింది నాకొక్కదానికే. కానీ నా రెండు చేతులూ ఆవిడ రక్తం ఆపుతున్నాయి. అందుకని గట్టిగా పైకి చెప్పాను.”

“ఎవరు పలకడానికి?”

“ముందు ఇది చెప్పండి. దేవుణ్ణి నమ్మనివాళ్లు పోసినా చెల్లుతుందా?”

“చెల్లుతుంది. జ్ఞానస్నానం క్లాసులో ప్రతిసారీ నేనే చెబుతాను.”

“అయితే రాసుకోండి: ఆ గదిలో ఖాళీగా ఉన్నవి మా ఆయా చేతులే, ఒక్క మాట తప్పకుండా నా వెనకే పలికి, బాబు నుదుటి మీద మూడుసార్లు నీళ్లు పోసి, ఊపిరి ఆగేదాకా వాణ్ణి గుండెకు హత్తుకుని కూర్చుంది ఆవిడే.”