ఖాళీ కంచం

ఆ ఇల్లాలికి మొగుడి మీద ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. ఏం పెట్టినా నోరెత్తకుండా తినేస్తాడు.

ఇరవై రెండేళ్ళ పాటు ఉప్పు చాలలేదని కంచం నెట్టేసిన మనిషి, గుండె డాక్టరు పథ్యం రాసిచ్చిన రోజు నుంచి కిక్కురుమనడం లేదు. నూనె తగలని కూరలు, ఉప్పు లేని కూరలు, గుండెకి మంచిదట అని ఆవిడ దండిగా దంచి వేసిన ఉల్లీ వెల్లుల్లీ... పది నిమిషాల్లో కంచం నాకేసినట్టుండేది.

"నాకు సాధించడానికి ఏమీ మిగల్చలేదు కదండీ!" అని ఆవిడ నిష్ఠూరం.

"అంతా నీ చేతి మహిమ," అనేవాడాయన.

బల్ల కింద, ఆయన పాదాల దగ్గర, వాళ్ళ కుక్క బుడంకాయ తోకతో టపటపా నేలని కొట్టేది. దానికి వేరే గిన్నెలో చప్పిడి తిండి పెట్టేది ఇల్లాలు. ఈమధ్య అది ఆ గిన్నె మొహం చూడటం లేదు. ఎండలకి ఆకలి చచ్చిందనుకుంది.

మూడు నెలలైనా ఆయన బెల్టు ఒక్క చిల్లు లోపలికి జరగలేదు.

"గాలి పీల్చినా ఒళ్ళు చేసే శరీరమే నాది," అనేవాడు.

పొద్దున్నే ఆ వీధికి చెత్తబండి తోసుకుంటూ ఒకామె వచ్చేది. ఖాకీ కోటు, ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మిగతా చెత్తబండ్ల వాళ్ళు బుట్ట బోర్లించి పోతే ఈమె మాత్రం ఒక కర్రతో కెలికి, చూసి, అప్పుడు వేసుకునేది. వీధిలో వాళ్ళు 'డిటెక్టివ్' అని పేరు పెట్టారు.

ఆ రోజు బుట్ట అందుకుంటూ అడిగింది.

"అమ్మా, మీ కుక్కకి ఉల్లిపాయ పెడుతున్నారా?"

"దానికెందుకు పెడతాను?"

"నిన్న మీ గేటు దగ్గర ఎర్రగా ఉచ్చ పోసింది. చిగుళ్ళు కూడా తెల్లబడ్డాయి. ఎవరికైనా చూపించండమ్మా."

"అదా! నిన్న బీట్‌రూట్ వండాన్లే."

"కుక్కకా?"

"కాదు, మా ఆయనకి."

"అయ్యగారు బీట్‌రూట్ తింటే కుక్క ఎర్రగా పోసిందా అమ్మా?"

జవాబు తోచనప్పుడు మనిషికి వచ్చేది కోపమే.

"మా ఇంట్లో ఎవరేం తింటున్నారో నువ్వు చెప్పాలా? చెత్త తీసుకుని నీ దారిన నువ్వు పో!"

"ఇంకో మాటమ్మా. బుట్ట అడుగున రోజూ కాగితాల్లో చుట్టి..."

లోపల్నించి ఆయన సుడిగాలిలా వచ్చాడు.

"చెత్త ఎత్తమంటే ఇంటి గుట్టు ఎత్తుతావేంటి? నడు ముందు!" అని గేటు వేసేసి, భార్య వైపు తిరిగాడు. "చూస్తావేంటే? వాళ్ళ ఆఫీసుకి ఫోన్ కొట్టు. పనిలోంచి తీసేస్తే గానీ బుద్ధి రాదు."

ఆవిడ కొట్టింది. మాట సాయంగా, దొంగచూపులు చూస్తోందని కూడా ఒక ముక్క కలిపింది.

రెండో రోజు నుంచి కొత్తవాడు వచ్చాడు. చెవుల్లో పాటలు పెట్టుకుని, బుట్ట బోర్లించి, తలెత్తకుండా పోయేవాడు.

హమ్మయ్య అనుకుంది ఇల్లాలు.

పదకొండో రోజు బుడంకాయ లేవలేదు.

దాన్ని దుప్పట్లో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు. మెట్లు ఆరే. మూడో మెట్టు మీద ఆయన ఆగి, గుండె పట్టుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కాడు.

డాక్టరు కుక్క పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ళు కాగితంలా ఉన్నాయి.

"ఉల్లీ వెల్లుల్లీ కుక్కలకి విషం, రక్తకణాలు పగిలిపోయాయి. ఇది ఒక్క రోజు తిండి కాదు, నెలల తరబడి తిన్నది. పది రోజుల ముందు తెచ్చినా చూసేవాణ్ణి."

స్టీలు బల్ల మీద తోక ఒక్కసారి టప్పున కొట్టుకుంది. మళ్ళీ కదల్లేదు.

"మీకెవరూ చెప్పలేదా?" అన్నాడు డాక్టరు.

"చెప్పింది. చెత్తబండి ఆవిడ, ఎడమచేతికి రెండు వేళ్ళు ఉండవు..." ఇల్లాలు బుడంకాయ మీద దుప్పటి సర్దింది. "నేనే ఫోన్ చేసి తీయించేశాను."

డాక్టరు చేతి తొడుగులు విప్పబోయి ఆగిపోయాడు.

"మీది పద్నాలుగో నంబరు ఇల్లా?"

"మీకెలా తెలుసు?"

"ఆరేళ్ళ కిందట, మీరు నిలబడ్డ చోటే నిలబడిందమ్మా ఆవిడ. ఇలాగే కుక్కని తెచ్చుకుని. భర్తకి గుండెజబ్బు, పథ్యం వండిపెట్టేది. ఆ వంట ఎవరి కడుపులోకి వెళ్తోందో కుక్క పోయాక గానీ తెలీలేదు."

"మరి ఆయన?"

"నాలుగు నెలలు బతికాడు. ఆ తర్వాతే కోరి ఈ పనిలో చేరింది. ఎవరేం తింటున్నారో వంటింటికి తెలీదు డాక్టరుగారూ, చెత్తబుట్టకి తెలుస్తుంది అనేది."

"ఇప్పుడెక్కడుంది? నేను కాళ్ళు పట్టుకుంటాను."

"పని పోయాక ఊరే వదిలేసిందమ్మా. పోతూ ఒకటే చెప్పింది. పద్నాలుగో నంబరు కుక్క వస్తే, ముందు ఆ ఇంటాయన్ని గుండె డాక్టరు దగ్గరికి పంపమంది."

ఇల్లాలు మెల్లిగా మొగుడి వైపు తిరిగింది.

ఆయన బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు. నుదుటి నిండా చెమట.

"తప్పు నాదేనే," అన్నాడు బుడంకాయ తల మీద చెయ్యి వేసి. "మూడు నెలలుగా నీ వంట ఒక్క ముద్ద ముట్టలేదు. అంతా దీనికే పెట్టేసి, బయట బజ్జీలు తెచ్చుకు తిని, ఆ పొట్లాలు కాగితాల్లో చుట్టి బుట్ట అడుగున పడేశాను. ఆవిడ కాపాడాలని చూసింది దీన్ని కాదు, నన్ను."